పలుపు లేని బండి

మోటారు సైకిలు మీద మోజు నాకు హైస్కూల్లోనే పట్టుకుంది. అవసరం మాత్రం డిగ్రీ పూర్తయ్యాక గానీ రాలేదు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. అప్పటికి మా అనకాపల్లిలో వీధికో బండి పోయి ఇంటికో బండి వచ్చేసింది. మా ఇంట్లో ఇంకా నాన్న సైకిలే దిక్కు. నాన్న ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ సైకిలు రోజూ ఆసుపత్రికీ, ఆదివారం చర్చికీ తప్ప మరో దారి ఎరగదు.

అలాంటి రోజుల్లో ఒక విత్తనాల కంపెనీ వాళ్ళు ఊళ్ళో ఆఫీసు తెరిచి, చీడికాడ వైపు పల్లెలు తిరిగి రైతులతో మాట్లాడే కుర్రాళ్ళు కావాలన్నారు. నేను వెళ్ళాను. వాగడంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు కాబట్టి ఆఫీసరుకి వెంటనే నచ్చేశాను. అయితే ఆయన చివర్లో ఒక మెలిక పెట్టాడు.

"ఇది బస్సుల మీద తిరిగే ఉద్యోగం కాదు. వచ్చే సోమవారం పొద్దున్న బండి, సీ బుక్కు, తాళం, మూడూ నాకు కనబడాలి. తాళం తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టు. లేదంటే నీ తరవాతి కుర్రాణ్ణి పిలుస్తాను."

తాళం ఎందుకండీ అని అడిగాను. అంతకు ముందు ఒక ఘనుడు గేటు బయట ఆగి ఉన్న ఎవరిదో బండిని కిటికీలోంచి చూపించి ఉద్యోగంలో చేరిపోయాడట. ఆ సాయంత్రమే బండి గలాయన వచ్చి దర్జాగా దాన్ని తోలుకుపోవడం ఆఫీసరు కళ్ళారా చూశాడు. అప్పట్నుంచి ఆయన తాళం చూస్తే గానీ మనిషిని నమ్మడం లేదు.

నాకు లైసెన్సు అప్పటికే ఉంది. స్నేహితుడి బండి మీద ఎనిమిది అంకె ఆకారంలో చక్కగా తిప్పి చూపించి తెచ్చుకున్నాను. ఆ ఎనిమిది తప్ప నాకు మరేమీ రాదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను పొట్టివాణ్ణన్న సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు. చర్చిలో ఎప్పుడు ఫొటో తీసినా నన్ను సండే స్కూలు పిల్లల వరసలోకి తోసేవాళ్ళు.

కొత్త బండి కొనే తాహతు మాకు లేదు. అప్పు చేసి కొనడం నాన్నకి పడదు. "సెకండ్ హ్యాండుది సూసుకోరా. మంచిది సూసుకో. మీ బావని తీసుకెళ్ళు" అన్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన కూడా నన్ను బావా అనే పిలుస్తాడు. మా వైపు అక్క మొగుడూ బావే, పెళ్ళాం తమ్ముడూ బావే. ఆయన బెల్లం మార్కెట్లో ఒక కొలగారంలో గుమస్తా. రైతులు తెచ్చిన బెల్లాన్ని దింపుకుని అమ్మిపెట్టే షాపుల్ని మా ఊళ్ళో కొలగారాలంటారు. బెల్లం దిమ్మని గోటితో గీకి, వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకుని అది ఏ ఊరి చెరుకో చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరు తలకెక్కి, లోకంలో ఏ వస్తువునైనా అలాగే తేల్చేయగలనని నమ్మకం పెంచుకున్నాడు. పెళ్ళిచూపుల్లో లడ్డూ వాసన చూసి మా అక్కని ఒప్పుకున్నాడని అమ్మ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

"ముందు షోరూముకి ఎల్దాం బావా" అన్నాడు బావ. "కొనడానికి కాదు. కొత్తది ఎలాగుంటాదో తెలిత్తే గదా పాతదాన్ని తిట్టి ధర తగ్గించగలం!"

షోరూములో నేను లావాటి ట్యాంకు ఉన్న నల్ల బండిని చూసి మనసు పారేసుకున్నాను. ఎక్కి కూర్చున్నాను. ఎడమ కాలి బొటనవేలు నేలకి తగిలితే కుడి కాలు గాలిలో ఊగుతోంది. సేల్స్ కుర్రాడు మర్యాదగా వెనక నుంచి బండి పట్టుకున్నాడు. "దార్లో కూడా ఈ బాబు పట్టుకుని ఎనకాల పరిగెడతాడేటి?" అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం సైలెన్సరు దగ్గర వంగి వాసన చూసి, "కొత్తదానికి వాసనే నేదు" అని పెదవి విరిచాడు.

సరిగ్గా అలాంటి బండే గవరపాలెంలో పాతది ఒకటి అమ్మకానికి ఉందని తెలిస్తే, బావ వద్దంటున్నా వినకుండా వెళ్ళాను. బండి గలాయన "ఓ రౌండు కొట్టి రండి" అన్నాడు. రౌండు దాకా పోలేదు. టీ కొట్టు ముందు వేగం తగ్గించి కాలు కింద పెట్టబోయాను. కింద నేల ఉండాల్సిన చోట లేదు. మరుక్షణం నేను బండి మీద లేను, బండి నా మీద ఉంది. టీ తాగుతున్నవాళ్ళందరూ గ్లాసులు దించి పరిగెత్తుకొచ్చారు. నాకు మోకాలు చీరుకుపోయింది. బండికేమీ కాలేదు. "బండి గట్టిదే బావా. నువ్వే మెత్తగున్నావు" అన్నాడు బావ నన్ను లేపుతూ. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

తరవాత పూడిమడక బండి. సముద్రం నుంచి టౌనుకి చేపల బుట్టలు మోసిన బండి అది. ధర విని ఎగిరి గంతేశాను. అది మా వీధిలోకి వచ్చీ రాగానే మూడిళ్ళ పిల్లులు దాని చుట్టూ చేరి మ్యావుమంటూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాయి. ఒకటి ఏకంగా సీటెక్కి కూర్చుంది. వాసనైతే కడిగితే పోతుందేమో గానీ, ఉప్పు గాలికి చాసిస్ అడుగంతా పెళుసు బారిపోయి ఉంది. బావ గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. "బెల్లంలో ఇసక కలిపినట్టుందిరా బాబూ" అని దండం పెట్టి పంపించేశాడు.

ఇలా బుధవారం అయిపోయింది. సోమవారం తరుముకొస్తోంది. అన్నం సహించడం లేదు. ఆఫీసరు పిలుస్తానన్న ఆ తరవాతి కుర్రాడు ఎవడో, ఎంత పొడుగుంటాడో, వాడి కాళ్ళు నేలకి ఎంత హాయిగా ఆనుతాయో ఊహించుకుంటూ కుమిలిపోయేవాణ్ణి. ఆ సాయంత్రం బావ మార్కెట్ నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు.

"తుమ్మపాల దాటేక లోపలికి ఒక ఊరున్నాది. అక్కడ మా కొలగారానికి బెల్లం తెచ్చే ముసలాయన తన బండి అమ్మేత్తాడట. రేపొద్దున్న పోదాం" అన్నాడు.

గురువారం పొద్దున్నే వెళ్ళాం. చెరుకు నరికే రోజులవి. దారి పొడుగునా బట్టీల్లో బెల్లం ఉడుకుతున్న వాసన. ఆ వాసన తగలగానే బావకి ఎక్కడ లేని ధైర్యం వచ్చేసింది. ముసలాయన మమ్మల్ని నేరుగా పశువుల సాలలోకి తీసుకెళ్ళాడు. ఒక పక్క రెండెద్దులు నెమరు వేస్తున్నాయి. రెండో పక్క, వాటి వరసలోనే, గోనెపట్టా కప్పుకుని బండి నిలబడి ఉంది. పట్టా తీశాడు. ఎర్రటి వంద సీసీ బండి. హెడ్లైటు మీద పసుపు, కుంకుమ. హ్యాండిల్‌కి చిన్న గంట. ఎద్దుల్ని రుద్దే గడ్డిచుట్టతోనే దీన్నీ రుద్ది కడుగుతాడట. రంగు వెలిసింది గానీ ఒక్క చోట మట్టి లేదు.

"ఎంతిత్తాది మైలేజీ?" అన్నాడు బావ.

"ఎంత పెడితే అంతకి తగ్గట్టు నడుత్తాది. తిండి దొంగ కాదు" అన్నాడు ముసలాయన.

బావ ట్యాంకుకి చెవి ఆనించాడు. సైలెన్సరు వాసన చూశాడు. ఇంజను ఆయిలు వేలికి రాసుకుని నలిపి, అలవాటు కొద్దీ ఆ వేలు నోటి దాకా తీసుకెళ్ళి చివరి క్షణంలో ఆగిపోయాడు. నేను అవేవీ పట్టించుకోలేదు. ఎక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాయి!

నమ్మలేక దిగి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ ఆనాయి. ముసలాయన నవ్వాడు. అప్పుడు చూశాను, ఆయన కూడా నా అంతే. సీటులో స్పాంజి కోయించి ఎత్తు తగ్గించుకున్నాడట. నల్ల బండీ, లావాటి ట్యాంకూ నా తలలోంచి ఆ క్షణమే ఎగిరిపోయాయి. లోకంలో నాకోసం తయారైన బండి ఒకటుందని, అది ఇన్నేళ్ళూ ఎద్దుల పక్కన నా దారి చూస్తూ నిలబడిందని అనిపించింది.

"ఎందుకమ్మేత్తన్నావు తాతా?" అని అడిగాను.

జవాబు ఆయన భార్య చెప్పింది. చేటతో వడ్లు చెరుగుతున్న మామ్మ అక్కణ్ణుంచే అందుకుంది. "చెరుకు కాలవలో పడిపోనాడు బాబూ. బండి పైన, ఈయన కింద. ఊరు ఊరంతా వచ్చి తీసేరు. ఆ మర్నాటి నుంచి తాళం నా కొంగునే కట్టుకున్నాను. అయినా ఊరుకుంటాడా? సాల్లోకి పోయి బండెక్కి కూకుంటాడు, నోటితో బుర్రుమంటాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇదే గోల. అమ్మీమన్నాను."

ముసలాయన సిగ్గుపడి ఎద్దు మెడ గోకాడు. నా పరువు తీసిన టీ కొట్టు గుర్తొచ్చి ఆయన మీద నాకు అభిమానం పుట్టుకొచ్చింది. బేరం తొందరగానే తెగింది. సీ బుక్కు ఇచ్చాడు, కాయితాల మీద సంతకాలు పెట్టాడు. మామ్మ కొంగు ముడి విప్పి తాళం ఇస్తే, ఆయన బండికి పెట్టి తిప్పి, కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకి స్టార్టయింది. అది అలా గురగురలాడుతుండగా తాళం లాగేసి మామ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని మళ్ళీ కొంగున ముడేసుకుంది.

తాళం అంతగా అరిగిపోయి ఉంది. ఇంజను నడుస్తున్నా బయటికి వచ్చేస్తుంది.

"మామ్మా, తాళం..." అన్నాను.

"పలుపు ఇవ్వం బాబూ" అంది ఆవిడ తాపీగా.

నాకు అర్థం కాలేదు. బావ చెప్పాడు. గొడ్డుని అమ్మినప్పుడు దాని మెడకి కట్టిన పలుపుతాడు కొన్నవాడికి ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టి తోలుకుపోవాలి. పాత పలుపు ఇంట్లోనే ఉండాలి. అది పోతే దాని వెంటే సాలలో ఉన్న సిరి కూడా పోతుందని వాళ్ళ నమ్మకం.

"ఇది గొడ్డు కాదు గదా మామ్మా!" అన్నాను.

"గొడ్ల పక్కనే కట్టేం, గొడ్లతోనే కడిగేం. మరేటిది? ఈ సాల్లోంచి ఏది పోనా పలుపు మాదే" అంది.

నేను బావ వైపు చూశాను. కొలగారంలో రైతుల మంచితనం మీద బతికే మనిషి ఆయన. గట్టిగా మాట్లాడితే వచ్చే సీజనుకి ఆ ఊరి బెల్లం పక్క షాపుకి పోతుంది. "ఆచారం గదా మావయ్యా, ఉంచుకోండి" అనేశాడు. నా చెవిలో మాత్రం, "డూప్లికేటు ఏయించీసుకుందాం. ఇంజను నడుత్తంది గదా, ముందు ఎక్కు" అన్నాడు.

అలా నేను తాళం లేని బండి మీద, బావని వెనక కూర్చోబెట్టుకుని, మొదటి గేరులోనే అనకాపల్లి చేరాను. రెండో గేరు వెయ్యమని బావ తుమ్మపాల దగ్గర బతిమాలుకున్నాడు. ఎనిమిది ఆకారంలో రెండో గేరు ఉండదని ఆయనకేం తెలుసు?

ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. ఇంజను ఆపడానికి తాళం లేదు. గేరులో పెట్టి బ్రేకు తొక్కి, క్లచ్చి వదిలి, గుటుక్కుమనిపించాల్సి వచ్చింది. ఆపి న్యూట్రల్‌కి తెచ్చినా, లోపల లాకు తిరిగిన స్థితిలోనే ఉంది కాబట్టి న్యూట్రల్ దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. ఎవరు వచ్చి కిక్కు కొట్టినా స్టార్టవుతుంది. వీధి వీధంతా వచ్చి తలా ఒక కిక్కు కొట్టి ఆ విడ్డూరం చూసి వెళ్ళారు. నాన్న తన సైకిలు గొలుసు తీసి బండి చక్రానికి వేశాడు. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "తాళం నీకియ్యనప్పుడు బండి నీదెలాగయిందిరా?"

తాళాలు చేసే ఆయన దగ్గరికి పరిగెత్తాను. అసలు తాళం ఉంటే గానీ నకలు కోయలేనన్నాడు. మెకానిక్ దగ్గరికెళ్ళాను. లాకు సెట్టు మొత్తం మార్చాలి, ఈ మోడలుది విశాఖపట్నం నుంచి రావాలి, వచ్చేవారం దాకా రాదన్నాడు. వచ్చేవారం అంటే సోమవారం తరవాత. టేబుల్ మీద ఏం పెట్టాలి? నాన్న సైకిలు తాళమా? ఇల్లూ వాకిలీ తిరుగుతూ మామ్మనీ, ఎద్దుల్నీ, వాటి పలుపుల్నీ, బావనీ, ఎవర్నీ వదలకుండా తిట్టుకున్నాను.

శుక్రవారం ఆ ఊరు వెళ్ళాను. మామ్మ మజ్జిగ ఇచ్చింది గానీ తాళం ఇవ్వలేదు. "శుక్రవారం ఇంట్లోంచి ఏటీ బయటికి పోకూడదు బాబూ" అంది. ఇంకేమీ దాచుకోకుండా ఉద్యోగం సంగతి మొత్తం చెప్పేశాను. ఆఫీసరు, టేబులు, నా తరవాతి కుర్రాడు, అన్నీ. ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది.

"రేపు రా. తాళం ఇయ్యను. ఈయనకిచ్చి పంపుతాను. టౌన్లో ఆ నకలేదో కోయించుకుని, నాది నాకు తెచ్చి ఇచ్చియ్యాలి" అని, భర్త వైపు తిరిగి, "నువ్వు ఎనకాల కూకోవాల. ముందు కూకున్నావని తెలిత్తే కూడు పెట్టను" అంది.

శనివారం పొద్దున్న ముసలాయన తలపాగా చుట్టుకుని, తాళం మొలతాడుకి కట్టుకుని, నా వెనక కూర్చున్నాడు. ఊరు దాటగానే మొదలుపెట్టాడు.

"క్లచ్చి అలాగ దబుక్కున ఒదిలితే అది బెదిరిపోతాది. నెమ్మదిగా ఒదులు. ఊ... అదీ. ఇప్పుడు రెండో గేరెయ్యి."

"భయంగా ఉంది తాతా."

"దానికి నీకంటే బయం. నిన్ను కొత్తగా సూత్తంది. ఎయ్యి."

వేశాను. బండి తేలిగ్గా సాగింది. మూడో గేరూ వేయించాడు. ఎదురుగా చెరుకు ట్రాక్టరు, రోడ్డు నిండా పరుచుకున్న లోడుతో ఊగుతూ వస్తోంది. నేను బిగుసుకుపోయాను. ఆయన నా రెండు భుజాల మీదా చేతులేసి, ఎద్దుల్ని అదిలించినట్టు నాలుకతో టిక్ టిక్‌మన్నాడు. బండికో, నాకో తెలియదు గానీ ఇద్దరం పక్కకి సర్దుకున్నాం. ట్రాక్టరు వెళ్ళిపోయింది. నేను గట్టిగా నవ్వేశాను. బండి నడపడం నాకు ఆ రోజే, ఆ రోడ్డు మీదే వచ్చింది.

తాళాల ఆయన నకలు కోశాడు. ధగధగలాడుతోంది. బండిలో పెడితే సగం తిరిగి ఆగింది. మళ్ళీ ఆకురాయితో రాకాడు. ఈసారి అసలు దూరలేదు. ఇంకోటి కోశాడు. అది దూరింది, తిరగలేదు. "లోపల లాకు ఈ తాళంతో పాటే అరిగిపోయిందండీ. దీనికి ఇదొక్కటే పడతాది" అని ముసలాయన చేతిలోని నల్లటి తాళం చూపించాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక్కడిదాకా వచ్చి, మూడో గేరు దాకా నేర్చుకుని, టేబుల్ మీద పెట్టడానికి నాకేమీ లేదు. ముసలాయన చేతిలోని తాళాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. నా మొహంలోకి చూశాడు. తిరగని ఆ కొత్త తాళాన్ని కూడా అడిగి తీసుకున్నాడు.

"ఎనక్కి జరుగు" అన్నాడు.

"మామ్మ కూడు పెట్టదు తాతా."

"జరుగంటే."

ఆయన ముందు కూర్చున్నాడు. తలపాగా బిగించాడు. అనకాపల్లి దాటగానే ఆయన వయసు సగానికి సగం తగ్గిపోయింది. చెరుకు బళ్ళని, ట్రాక్టర్లని, ఒక బస్సుని కూడా దాటించాడు. ఎదురొచ్చిన తెలిసినవాళ్ళందరికీ గంట మోగించాడు. నేను నడుం గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వాళ్ళ ఊరు ఇంకా కనబడకముందే ఒక బోరింగు దగ్గర ఆపాడు. దిగి మొహం కడుక్కున్నాడు. మొలతాడు విప్పి నల్లటి తాళం నా చేతిలో పెట్టి, మెరిసే దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు.

"మా ఆడది అడిగితే ఇది సూపిత్తాను. దానికి కళ్ళు అంత బాగా ఆనవులే" అన్నాడు.

"మరి మీ సాల, మీ సిరి..." అన్నాను. నాకు నిజంగానే భయమేసింది.

"నీకు ఉజ్జోగం రావాల. ఎల్లు. తిన్నగా ఎల్లు, మూడో గేరు మర్సిపోకు" అని, మిగిలిన దారి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. హెడ్లైటు మీద కుంకుమ ఇంకా ఉంది. ఆయన అది చూసి కూడా ఆమెన్ అన్నారు. అమ్మ తుడవబోతే నాన్న ఆపాడు. "ఎవరి దీవెనని తుడుత్తావు? ఉండనీ" అన్నాడు.

సోమవారం పొద్దున్న తాళం టేబుల్ మీద పెట్టాను. ఆఫీసరు దాన్ని చేతిలోకి తీసుకుని, ఇదేదో పురావస్తువులా ఉందని నవ్వి, తిరిగి ఇచ్చేశాడు. ఉద్యోగం నాదైంది. బావ మా వీధంతా బెల్లం పంచాడు. బండి వాసన చూసే కొన్నానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

చీడికాడ దారి తుమ్మపాల మీదుగానే. రోజూ ఆ ఊరి మొగ దాటుకుంటూ వెళ్ళేవాణ్ణి గానీ లోపలికి తిప్పడానికి జంకేవాణ్ణి. మామ్మ ఎదుట తాళంతో ఎలా నిలబడను? మొదటి జీతం వచ్చిన రోజున ఇక ఉండబట్టలేక, కిలో స్వీట్లు కట్టించుకుని వెళ్ళాను. బండి చప్పుడు వినగానే ముసలాయన సాలలోంచి చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మామ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. నేను తాళం గబుక్కున జేబులో వేసుకున్నాను.

"దాసకు బాబూ" అంది ఆవిడ. "ఆ దినం ఈయన తెచ్చింది కొత్త రూపాయి బిళ్ళలా మెరిసిపోతంది. ఇన్నాళ్ళు కొంగున కట్టుకున్నదాన్ని, నా తాళమేదో నాకు తెల్దా?"

నా మొహం ఎర్రబడిపోయింది. ముసలాయన ఎటో చూస్తున్నాడు.

"మరి ఆ రోజే ఎందుకు అడగలేదు మామ్మా?"

"అడిగితే నువ్వు తెచ్చిచ్చీగలవు. ఉజ్జోగం పోతాది."

"పలుపు పోతే సాల ఖాళీ అయిపోతుందన్నావు గదా?"

ఆవిడ లేచి వచ్చి, బండి హ్యాండిల్‌కున్న గంట మీద మట్టిని చీర చెంగుతో తుడిచింది. "నువ్వొచ్చి మళ్ళీ ఇక్కడే కట్టేసేవు గదా. ఖాళీ ఎక్కడయింది?" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వీట్ల పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా అలాగే పట్టుకున్నాను. ఆవిడ రెండో చేత్తో నా తల నిమిరి, అంతలోనే గొంతు పెంచింది.

"పొద్దున్న, సాయంత్రం ఈ దారినే పోతన్నావట. నెలకోసారి ఇటు తిప్పితే నీ సొమ్మేం పోతాది? బండి సప్పుడు ఇంటే గానీ ఈయనకి కూడు దిగట్లేదు. ఊరి సివర దాకా తిప్పి తీసుకురా. ఎనకే కూకోబెట్టు. ఆ దినం ముందు కూకుని బస్సుని దాటేడట, మా అన్న కూతురు ఆ బస్సులోనే ఉంది."

వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన అప్పటికే వెనక సీటు మీద, తలపాగా బిగించుకుని, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. నేను తాళం తిప్పి కిక్కు కొట్టాను.